నూటికి రూపాయి ఎవరి అమానత్?

మేస్త్రీకి బిల్లు ఇచ్చేటప్పుడు నూటికి ఒక రూపాయి పట్టుకొని తొంభై తొమ్మిది ఇస్తం. దాన్నే టీడీఎస్ అంటరు. ఆ పట్టుకున్న రూపాయి ఎవరిది? మా బజార్ల ఈ సవాల్ అడిగితే మూడు జవాబులు వస్తయి. కొందరు "సర్కారుది" అంటరు. కొందరు "మన చేతిల ఉన్నన్ని రోజులు మనదే" అని నవ్వుతరు. మేస్త్రీలేమో "పోయిన రూపాయి ముచ్చట ఇగ ఎందుకు" అంటరు. నా లెక్కల మూడూ తప్పే. ఆ రూపాయి మేస్త్రీది. ఖజానాల ఆయన పేరు మీద జమ అయ్యేదాకా అది మన దగ్గర అమానత్. ఈ ఒక్క మాట చెప్పడానికే ఇది రాస్తున్న.

నాది నల్లగొండల షెడ్ల పని. ట్రస్సులు, రేకులు, షట్టర్లు. మిర్యాలగూడ రైస్ మిల్లులకు, జడ్చర్ల దిక్కు గోదాములకు, కోళ్ల షెడ్లకు పని చేస్తం. షాపుల జీతం మీద ఉన్నది నలుగురే. రేకులు ఎక్కించేది ఒక గుంపు, రంగులేసేది ఒక గుంపు, పునాదుల పని చేసేది ఇంకో గుంపు. ప్రతి గుంపుకు ఒక మేస్త్రీ. ఆయన కూడ గుంపుతోటి కలిసి రోజంతా ఎండల పని చేసేటోడే. ఇన్‌కమ్ టాక్స్ భాషల మాత్రం ఆయన కాంట్రాక్టర్.

ముందు కాయిదా చెప్త. సొంత పేరు మీద వ్యాపారం చేసేటోడికి నిరుడు టర్నోవర్ కోటి రూపాయలు దాటితే, ఈ ఏడు కాంట్రాక్టర్లకు ఇచ్చే పైసల్ల టీడీఎస్ కొయ్యాలె. కోటి అంటే పెద్ద మాటలెక్క వినపడ్తది గని, ఇనుము పనిల నాలుగు పెద్ద షెడ్లు పడితే దాటిపోతది. అందుల మిగిలేది ఎంతనేది వేరే హిసాబ్. మేస్త్రీకి ఒక్కసారి ఇచ్చేది 30,000 దాటినా, ఏడాది మొత్తం కలిపి 1,00,000 దాటినా కోత పడ్తది. మేస్త్రీ ఒక్క మనిషైతే 1 శాతం. ఫర్మ్ గానీ కంపెనీ గానీ అయితే 2 శాతం. చెల్లే పాన్ నంబరు లేకుంటే ఏకంగ 20 శాతం. సామాను తోలే లారీల ఓనర్లకు పది బండ్లు, అంతకు తక్కువ ఉంటే, పాన్ తోటి ఆ ముచ్చట రాసిస్తే కోత లేదు.

సొంత ఇల్లు కట్టుకునే కుటుంబాలు ఇది చదివి పరేషాన్ కావొద్దు. మీ ఇంటి పనికి మేస్త్రీకి ఇచ్చే పైసల్ల ఈ కోత ఉండదు. ఏడాదిల ఒక్కరికే 50 లక్షలు దాటితేనే ఇంకో సెక్షన్ వస్తది. నేను చెప్పేది దుకాణం, ఫ్యాక్టరీ, ఠేకా పనులు నడిపేటోళ్ల గురించి.

కోసిన పైసలు వచ్చే నెల 7వ తారీఖు లోపల చలాన్ తోటి కట్టాలె. మార్చి నెలదానికి మాత్రం ఏప్రిల్ 30 దాకా గడువు. చలాన్ కట్టంగనే పని ఖతమైందని చానామంది అనుకుంటరు. కాలేదు. చలాన్ల మీ పేరుంటది, మేస్త్రీ పేరుండదు. ఏ పాన్‌కు ఎంత ఇచ్చినం, అందుల ఎంత కోసినం అనేది మూడు నెలలకోసారి దాఖలు చేసే 26క్యూల రాస్తం. దానికి నాలుగు తారీఖులు: జూలై 31, అక్టోబర్ 31, జనవరి 31, మే 31. అది దాఖలైనంకనే మేస్త్రీ పాన్ మీద, 26ఏఎస్ అనే ఖాతాల ఆ పైసలు కనపడ్తయి. ఆ తర్వాత పదిహేను రోజులల్ల 16ఏ అనే సర్టిఫికెట్ తీసి ఆయన చేతికియ్యాలె.

మనోళ్లకు సమజయ్యేటట్టు చెప్త. సౌదీల ఉన్న పక్కింటి పిల్లగాడు, ఇంటికొస్తున్న మీ చేతికి వాళ్ల అమ్మీకి ఇయ్యుమని పైసలిచ్చిండు. మీరు ఊరికొచ్చిన్రు. ఆ పైసలు మీ జేబుల ఉన్నయి గని మీవి కావు. వాటితోటి సామాను కొనుక్కోని, నెల తర్వాత ఇద్దామనుకుంటే ఏమంటరు? ఖియానత్ అంటరు. పైసలు తీస్కపోయి తెల్వని ఇంటి గడపల పెట్టి, ఎవరి కోసమో చెప్పకుండ వచ్చినా అమానత్ ముట్టినట్టు కాదు. చలాన్ కట్టి 26క్యూ వెయ్యకపోవుడు అసుంటిదే. పైసలు ఖజానాకు చేరినయి, మనిషికి చేరలే.

ఇంకొక మాట. కోసిన పైసలు టైముకు కట్టకుంటే నెలకు ఒకటిన్నర శాతం వడ్డీ పడ్తది. 26క్యూ లేటైతే రోజుకు 200 రూపాయల ఫీజు, అది మొత్తం టీడీఎస్ ఎంతుందో అంతదాకా పెరుగుతది. సూద్ తీసుకోవద్దు, సూద్ ఇయ్యొద్దు అని ఇంట్ల పిల్లలకు చెప్పుకునేటోళ్లం మనం. అసుంటప్పుడు 7వ తారీఖు మర్చిపోయి సర్కారుకు నెలనెలా సూద్ కట్టుడు ఏం పద్ధతి? నేను గోడ మీది క్యాలెండర్ల ఈద్ తారీఖుల పక్కనే ఈ తారీఖులు కూడ రాసిపెడ్త.

ఇక మేస్త్రీల దిక్కు నుంచి చూద్దాం. కల్వకుర్తి దిక్కు నుంచి వచ్చే మా రంగుల మేస్త్రీ మొదటిసారి పాన్ అడిగినప్పుడు ఇయ్యనన్నడు.

"సేటూ, నా పేరు మీద పన్నెండు లక్షలు కనపడ్తే నన్ను గరీబోడని ఎవడంటడు? మా ఊర్ల అంటున్నరు, రేషన్ కార్డు పోతదంట."

ఆయన భయం ఉత్తదని కొట్టెయ్యలేం. పాలమూరు లేబర్ అనే మాట దేశమంతా ఎరుక. డ్యాములు, కాలువలు, రోడ్లు ఎక్కడ కట్టినా ఈ జిల్లా మనుషులు గుంపులు గుంపులుగ పోయిన్రు. గుంపు మేస్త్రీ ఊర్లకొచ్చి ముందుగాల అడ్వాన్సు ఇచ్చేటోడు, వేలిముద్ర వేయించుకునేటోడు. ఆ అడ్వాన్సు తీరేదాకా పని. కూలెంత, ఎన్ని రోజులైంది, బాకీ ఎంత మిగిలింది, ఇవన్నీ మేస్త్రీ నోటి లెక్కే. కాగితం అంటే అప్పు కాగితం. వేలిముద్ర అంటే ఇరుక్కునుడు. 1979ల వలస కూలీల కోసం చట్టం వచ్చినా, ఆ యాది తరాల నుంచి మనుషుల్ల ఉన్నది. అసుంటి ఇంట్ల పుట్టినోడు "పాన్ ఇయ్యి, దస్తఖత్ పెట్టు" అంటే వెనక్కి జరుగుడు న్యాయమే.

అందుకే ఆయనతోటి కూసొని హిసాబ్ చేసిన. పన్నెండు లక్షలు అన్ని షాపులల్ల కలిపి ఆయన ఖాతాల పడ్డ పైసలు. అందుల గుంపు మనుషుల కూలి తొమ్మిది లక్షల ఎనభై వేలు పోయింది. బండి కిరాయి, తిండి, బ్రష్షులు, తాళ్లు, నిచ్చెనలకు ఎనభై వేలు. ఆయనకు మిగిలింది లక్షా నలభై వేలు. ఈ లక్షా నలభై వేలే ఆయన ఆమ్దానీ. పన్నెండు లక్షలు ఆయన చేతి మీంచి పోయిన పైసలు. ఆహార భద్రత కార్డుకు తెలంగాణల చూసేది ఏడాది ఆమ్దానీ: పల్లెల్ల లక్షన్నర, పట్నాలల్ల రెండు లక్షలు. అయితే ఆయన మిగులు ఇంత అని చెప్పేది ఏంది? రిటర్న్. రిటర్న్ వెయ్యకుంటే పాన్ మీద పన్నెండు లక్షలు ఒక్కటే కనపడ్తది. ఆయన భయపడ్డది కాగితానికి గని, ఆయనకు నష్టం చేసేది సగంల ఆగిపోయిన కాగితం.

నిజంగనే హద్దు దాటేంత మిగిలిన ఏడు, దాటలేదని రాయుమని నేను ఎవరికీ చెప్పను. చిన్న వ్యాపారాలకు పాత చట్టంల 44ఏడీ అనే సెక్షన్ ఉన్నది. బ్యాంకు ద్వారా వచ్చిన పైసల్ల 6 శాతం, నగదుగ వచ్చిన దాంట్ల 8 శాతం ఆమ్దానీ చూపిస్తే పెద్ద ఖాతా పుస్తకాలు అడగరు. పన్నెండు లక్షలకు 6 శాతం అంటే 72,000. కొందరు కంప్యూటర్ సెంటర్లోళ్లు అందరికీ అదే రాసి పంపిస్తరు. 72,000కు తగ్గొద్దని దాని మతలబు, 72,000 మాత్రమే చూపుమని కాదు. లక్షా నలభై వేలు మిగిలితే లక్షా నలభై వేలే రాయాలె. అయినా టాక్స్ ఏం పడదు. అంటే కోసిన 12,000 మొత్తం రీఫండ్ రావాలె.

ఆ 12,000 వజన్ ఎంతో చూడండ్రి. మనం నూటికి రూపాయే గదా అనుకుంటం. పన్నెండు లక్షల మీద రూపాయే, నిజమే. గని ఆయనకు మిగిలింది లక్షా నలభై వేలు. అందుల 12,000 అంటే దాదాపు పన్నెండో వంతు, ఒక నెల సంపాదన. అది ఖజానాల ఉన్నదని ఆయనకు తెల్వకుంటే, లేదా మనం 26క్యూ వెయ్యకుంటే, ఒక నెల చాకిరీ గాలిల కలిసినట్టే. బిడ్డ ఫీజో, అమ్మీ మందులో, గా పైసల్లనే ఉంటయి.

ఇది ఊహించి చెప్తలేను. మా దగ్గర పని చేసే ఇంకో మేస్త్రీ, అంతకు ముందు వేరే ఊర్ల ఒక ఓనర్ దగ్గర రెండు షెడ్ల పని చేసిండు. ఆ ఓనర్ ప్రతి బిల్లుల టీడీఎస్ కోసిండు, మొత్తం తొమ్మిది వేలు. 26ఏఎస్ తీసి చూస్తే ఒక్క రూపాయి లేదు. ఫోన్ చేస్తే "చార్టెడ్ అకౌంటెంటును అడుగు" అంటడు. చట్టం మేస్త్రీ దిక్కే ఉన్నది. కోసిన టాక్స్‌ను మళ్ల మేస్త్రీని కట్టుమనొద్దని పాత చట్టంల 205 సెక్షన్ చెప్పింది. కోసి కట్టనోడికి పాత చట్టంల 276బి కింద మూడు నెలల నుంచి ఏడేండ్ల దాకా ఖైదు రాసి ఉండె. గని ఖాతాల కనపడని పైసలకు రీఫండ్ తెచ్చుకునుడు కష్టం. మేస్త్రీ దగ్గర బిల్లు నఖలు, బ్యాంకు స్టేట్‌మెంటు ఉంటేనే కొట్లాడడానికి జాగ ఉంటది. ఈయన దగ్గర చిట్టీలు కూడ లేవు. ఆ తొమ్మిది వేలు ఇప్పటిదాకా రాలే.

మన కుటుంబాలల్ల ఇంకో ముసీబత్ ఉన్నది, పేర్లది. మా రేకుల మేస్త్రీ చాచాకు ఆధార్ల "ఎండీ" అని ఉన్నది, పాన్ల "మహ్మద్" అని ఉన్నది. కొందరికి షేక్ అనేది ముందు ఉంటది, కొందరికి వెనక. ఆడోళ్లకు ఒక కాగితంల బేగం, ఇంకో కాగితంల బీ. పేరు కలవకపోతే పాన్, ఆధార్ లింకు కాదు. 2023 జూలై 1 నుంచి లింకు కాని పాన్ చెల్లదు. చెల్లని పాన్ అంటే 20 శాతం కోత. 80,000 బిల్లుకు 800 పోవాల్సింది 16,000 పోతది. మా పెద్ద బిడ్డ బీకాం చదివింది, 26క్యూ తనే తయారు చేస్తది. కొత్త పని ఒప్పుకునేటప్పుడే అందరి పాన్లు పోర్టల్ల చూసి, "అబ్బా, చాచా పాన్ చెల్లుతలేదు" అని చెప్పింది. చాచాను ఆధార్ సెంటర్‌కు తీస్కపోయి పేరు సరి చేయించినం, వెయ్యి రూపాయల ఫీజు కట్టి లింకు పెట్టించినం. లింకు పెట్టినంక పాన్ మళ్ల చెల్లడానికి ముప్పై రోజుల దాకా పట్టొచ్చు. అందుకే బిల్లు వచ్చిన రోజు కాదు, పని మొదలుపెట్టిన రోజే చూడాలె.

"ఇవన్నీ ఎందుకు భాయ్, నగదు ఇచ్చేస్తే నీకూ ఖుషీ, వాళ్లకూ ఖుషీ" అనే దోస్తులు నాకూ ఉన్నరు. ఒక్క రోజుల ఒక్క మనిషికి 10,000 దాటి నగదు ఇస్తే ఆ ఖర్చును చట్టం ఒప్పుకోదు. టీడీఎస్ కొయ్యకుంటే ఆ ఖర్చుల 30 శాతం మన ఆమ్దానీల కలుపుతరు. ఇది మన నష్టం. మేస్త్రీ నష్టం ఇంకా పెద్దది. నగదు తీసుకున్న పని ఎక్కడా కనపడదు. ఆటో కొందామని బ్యాంకుకు పోతే మేనేజర్ మూడేండ్ల రిటర్న్‌లు అడుగుతడు. ఇరవై ఏండ్లు పని చేసిన మనిషి కాగితం మీద ఏ పనీ చెయ్యనోడైతడు. ఆఖరికి నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇచ్చేటోడి దగ్గరికే పోతడు.

గుంపుల మనుషులకూ ఇదే మాట. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996ల వచ్చిన చట్టం కింద పెట్టిన సంక్షేమ బోర్డు ఉన్నది. 18 నుంచి 60 ఏండ్ల లోపల వయసుండి, ఏడాదిల 90 రోజులు పని చేసినట్టు రుజువు ఉంటే కార్డు ఇస్తరు. ఆ 90 రోజులు రాసియ్యాల్సింది పని ఇచ్చినోడు. మేస్త్రీ రోజూ ఎవరొచ్చిన్రు, ఎంతిచ్చిన అని ఒక నోట్ బుక్కుల రాస్తే, ఆ ఒక్క పుస్తకం రెండు పనులు చేస్తది. తన ఆమ్దానీ లక్షా నలభై వేలే అని మేస్త్రీకి రుజువు, 90 రోజులు పని చేసినమని మజ్దూర్లకు రుజువు. మా రంగుల మేస్త్రీకి ఆ పుస్తకం నేనే కొనిచ్చిన. తెలుగుల రాస్తడు, ఆయన రాత ఆయనకే సమజైతది, అయినా సరే.

ఖుర్ఆన్ల అన్నిటికన్న పొడుగు ఆయత్ ఏదంటే సూరా బఖరాల 282వది. అది నమాజ్ గురించో రోజా గురించో కాదు, గడువు పెట్టుకున్న ఖర్జ్‌ను రాసిపెట్టుకునే తరీఖా గురించి. కాతిబ్ ఎట్లుండాలె, గవాహ్‌లు ఎంతమంది, అన్నీ ఉన్నయి అందుల. నాకు అన్నిటికన్న యాదికుండేది ఒకటే. రాయించే జిమ్మేదారీ ఎవరికి రావాలెనో వాళ్ల మీద పెట్టలేదు, ఎవరు ఇయ్యాలెనో వాళ్ల మీద పెట్టింది. ఇయ్యాల్సినోడు తన నోటితోటి చెప్పాలె, అందుల ఏమీ తగ్గించొద్దు. టీడీఎస్ కాయిదా కూడ రాసే పని పైసలిచ్చేటోడి మీదనే పెట్టింది. మేస్త్రీకి చదువు రాకపోవచ్చు, పోర్టల్ తెల్వకపోవచ్చు. మనకు తెలుసు. తెలిసినోడు రాయకపోతే తెల్వనోడి హక్ పోతది.

మా భాషల రసీదు, బాకీ, జమ, ఖర్చు, వసూలు, దస్తావేజు, ఖజానా అన్నీ ఉర్దూ ఫారసీ నుంచి వచ్చిన మాటలే. నల్లగొండ, పాలమూరు రైతు ఇప్పటికీ గవే మాట్లాడ్తడు. మాటలు ఇంత దగ్గరివైనా, కాగితం మాత్రం గరీబుకు ఎప్పుడూ దూరమే ఉన్నది. ఆ దూరం తగ్గించడానికి చిన్న దుకాణందారు చెయ్యగలిగిన పని ఉన్నది, దానికి పెద్ద ఖర్చు కూడ లేదు.

2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఇన్‌కమ్ టాక్స్ చట్టం నడుస్తున్నది. ఇన్నేండ్లు 194సి అని పిలిచిన ముచ్చట ఇప్పుడు 393 సెక్షన్ కిందికి పోయింది, ఫారాల నంబర్లు కూడ మారినయి. 2026 మార్చి 31తోటి అయిపోయిన ఏడాది హిసాబ్ మాత్రం పాత 26క్యూలనే వెయ్యాలె. దానికి 2026 మే 31 ఆఖరు, 16ఏలు ఇయ్యడానికి 2026 జూన్ 15 ఆఖరు. నంబర్లు మారినా అమానత్ మారదు.

మీ దుకాణంల పని చేసిన మేస్త్రీల లిస్టు ఒకసారి తియ్యండ్రి. ప్రతి పేరు ముంగట పాన్ ఉన్నదా, చెల్లుతున్నదా, కోసింది కట్టినమా, 16ఏ చేతికిచ్చినమా చూడండ్రి. ఇచ్చేటప్పుడు ఉత్తగ కాగితం చేతిల పెట్టకుండ, "ఇది నీ పైసల రసీదు, రిటర్న్ వేస్తే వాపస్ వస్తయి" అని ఆయన భాషల ఒక్క మాట చెప్పండ్రి. మన ఇండ్లల్ల చానామంది అబ్బాలు, భాయిలు, మామూలు ఇట్లాంటి మేస్త్రీలే. వాళ్లు పని చేసే కాడ 16ఏ అడిగి తెచ్చుకొమ్మని వాళ్లకూ చెప్పండ్రి. అడుగుడు బేఅద్బీ కాదు, అది వాళ్ల హక్.